ఓసీడీకి టీఎంఎస్: ‘ఆఫ్-లేబుల్’ అన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా తమ్ముడికి 29 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా ఓసీడీ, అదే భయం, చేసిందే మళ్లీ మళ్లీ చేసే జబ్బు. చేతులు కడుగుతూనే ఉంటాడు, తలుపు గడియ పదేపదే చూస్తాడు, స్నానానికి రెండు గంటలు పడుతుంది. మొదట ఫ్లూక్సెటిన్ 20 మి.గ్రా. ఏడాది వాడాం. తర్వాత ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. రెండు నెలలు. పెద్దగా తేడా లేదు. ఇప్పుడు విజయవాడలో ఒక క్లినిక్‌లో టీఎంఎస్, అంటే తల మీద అయస్కాంత కాయిల్ పెట్టి చేసే వైద్యం, 30 సిట్టింగులు చేయిద్దామన్నారు. సంతకం పెట్టమన్న కాగితంలో ‘ఆఫ్-లేబుల్’ అని ఉంది. అంటే అనుమతి లేని వైద్యమా? ఇదీ కరెంటు షాకేనా? పనిచేస్తుందా? ఇంకో విషయం, మా పిన్ని మనవడికి ఆరేళ్లు, ఆటిజం. ఇదే మెషిన్‌తో వాడికీ మాటలు వస్తాయని ఎవరో చెప్పారట, వాళ్లూ డబ్బు సర్దుకుంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, నేను సైకియాట్రిస్టుని. విజయవాడలోనే చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, టీఎంఎస్ కూడా ఇస్తాను. కాబట్టి ఈ వైద్యం మీద నాకు విరోధం ఏమీ లేదు. అవసరమైనవాళ్లకి బాగా ఉపయోగపడటం కళ్లారా చూశాను. అయినా మీ ప్రశ్న చదివాక నన్ను ఆపింది ‘ఆఫ్-లేబుల్’ అన్న మాట కాదు, ‘20 మి.గ్రా.’, ‘10 మి.గ్రా.’ అన్న అంకెలు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను, ముందు మీ భయం తీరాలి.

ఒక మందునో పరికరాన్నో అమ్మడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేటప్పుడు అది ఏ జబ్బుకి, ఏ వయసువాళ్లకి, ఏ పద్ధతిలో వాడాలో రాసి ఇస్తారు. ఆ రాతే లేబుల్. అందులో లేని జబ్బుకో, లేని వయసుకో, లేని పద్ధతిలోనో డాక్టరు తన విచక్షణతో వాడితే అది ఆఫ్-లేబుల్. అది నేరం కాదు, దొంగవైద్యమూ కాదు. స్టేజీ ఎక్కితే గుండె దడదడలాడేవాళ్లకి ప్రొప్రనలాల్ రాస్తుంటాం. అది బీపీకి, గుండెకి వచ్చిన మందు, టెన్షన్‌కి వాడటం అమెరికా లేబుల్ ప్రకారం ఆఫ్-లేబులే. పిల్లల వైద్యంలో, మా మానసిక వైద్యంలో ఇలాంటివి రోజూ ఉంటాయి. మన దేశంలో వైద్య పరికరాలకు 2017 నాటి నియమాలున్నాయి. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ చేయడాన్ని నిషేధించింది. మైనర్లకు షాక్ ఇవ్వాలంటే ముందుగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలంది. టీఎంఎస్‌ని అది నిషేధించలేదు. కానీ ఏ చికిత్సకైనా విషయం అర్థమయ్యేలా చెప్పి, ఒత్తిడి లేకుండా, పేషెంటు ఒప్పుకుంటేనే చేయాలని ఆ చట్టమే చెబుతోంది. మీ తమ్ముడు 29 ఏళ్ల మనిషి. సంతకం అతనిది, నిర్ణయమూ అతనిది. మీరు పక్కన కూర్చుని అర్థం చేసుకోవడానికి సాయపడండి, చాలు.

ఆ కాగితంలో ‘ఆఫ్-లేబుల్’ అని రాసి చూపించినందుకు ఆ క్లినిక్‌ని నేను తప్పుపట్టను. దాచకుండా చెప్పారు. ఒక్క విషయం మాత్రం అడిగి తెలుసుకోండి: ఇది చికిత్సా, పరిశోధనా? పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, క్లినికల్ ట్రయల్స్‌ని నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదై ఉండాలి, పరిశోధన కోసం చేసేదానికి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. చికిత్స అయితే, ఈ మనిషికి ఇది ఎందుకు మేలు చేస్తుందనుకుంటున్నారో డాక్టరు మామూలు తెలుగులో చెప్పగలగాలి.

ఇక మెషిన్ గురించి. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద కాయిల్ పెట్టి, అయస్కాంత తరంగంతో మెదడుని ప్రేరేపించి, చేతి కండరాన్ని కదిలించి చూపించింది. మీ వంటింట్లోని ఇండక్షన్ స్టవ్ పనిచేసేది ఏ సూత్రం మీదో ఇదీ అదే. కాయిల్‌లో కరెంటు క్షణంలో మారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది పుర్రెని దాటి లోపల మెదడు పొరలో చిన్న విద్యుత్తుని పుట్టిస్తుంది. క్షేత్రం బలం ఎమ్మారై మెషిన్‌దంతే, సుమారు 1.5 నుంచి 2 టెస్లాలు. కాకపోతే ఒక పల్సు ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు. మామూలుగా వాడే ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే పనిచేస్తుంది. ‘మెదడు మధ్యలోకి వెళ్లి రిపేరు చేస్తుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. లోపలి భాగాల మీద ప్రభావం ఉన్నా అది పై పొర నుంచి నరాల దారుల వెంట వెళ్లేదే.

కరెంటు షాకుకీ దీనికీ పోలికే లేదు. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తు ఇచ్చి, కావాలనే ఒక ఫిట్ తెప్పిస్తాం. టీఎంఎస్‌లో మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుంటాడు, తల మీద టకటకమని కాయిల్ చప్పుడు చేస్తుంది, చర్మం మీద ఎవరో వేలితో పొడుస్తున్నట్టు ఉంటుంది. అయిపోగానే లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. బయట ఉన్న భయాల వల్ల ఒక మాట కూడా చెప్పాలి. మత్తు ఇచ్చి సరిగ్గా చేసే షాక్ ట్రీట్‌మెంట్ చాలా మంచి వైద్యం. తిండి మానేసి చావు గురించే మాట్లాడే డిప్రెషన్ మనిషికి, బిగుసుకుపోయి మాట పలుకు లేని మనిషికి అది టీఎంఎస్ కన్నా గట్టిగా, వేగంగా పనిచేస్తుంది. ‘షాకు వద్దు, అయస్కాంతం పెట్టండి’ అని అలాంటివాళ్లని తీసుకొస్తే నేను ఒప్పుకోను.

అసలు విషయానికి వస్తాను. చాలామంది ‘టీఎంఎస్‌కి అనుమతి ఉందా లేదా’ అని అడుగుతారు. అనుమతి టీఎంఎస్‌కి మొత్తంగా ఇవ్వరు. ఫలానా మెషిన్, ఫలానా కాయిల్, ఫలానా జబ్బు, ఫలానా పద్ధతి, ఇవన్నీ కలిపి ఇస్తారు. అమెరికాలో మందులకి, పరికరాలకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2008 అక్టోబరులో డిప్రెషన్‌కి అనుమతించింది. 2018 ఆగస్టులో ఓసీడీకి ‘లోతు కాయిల్’ అని, మామూలు దానికన్నా కాస్త లోతుకి చేరే ఒక ప్రత్యేకమైన కాయిల్‌ని అనుమతించింది, తర్వాత ఇంకొన్ని కంపెనీల కాయిల్స్‌కీ ఇచ్చింది. 2020లో సిగరెట్ మాన్పించడానికి. అంటే అక్కడి లెక్కలో ఓసీడీ లేబుల్‌లో ఉన్నట్టే. మరి మీ కాగితంలో ఆఫ్-లేబుల్ అని ఎందుకు ఉంది? బహుశా ఆ క్లినిక్‌లో ఉన్నది డిప్రెషన్ కోసం వచ్చిన మామూలు కాయిల్ అయి ఉంటుంది. దాన్ని వేరేచోట, వేరే వేగంతో పెట్టి ఓసీడీకి వాడతారు. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

తేడా చిన్నది కాదు. లోతు కాయిల్ మీద జరిగిన పెద్ద పరీక్ష 2019లో అచ్చయింది. మందులకు సరిగ్గా లొంగని సుమారు వందమందిని తీసుకుని కొందరికి అసలు టీఎంఎస్, కొందరికి ఉత్తుత్తి టీఎంఎస్ ఇచ్చారు. ఆరు వారాల్లో 29 సిట్టింగులు. అసలు ఇచ్చినవాళ్లలో 38 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి ఇచ్చినవాళ్లలో 11 శాతం మందికి. ఇక్కడ ‘గుణం’ అంటే ఏమిటో చూడండి. ఓసీడీ తీవ్రతని కొలిచే వైబాక్స్ అనే స్కోరు 40కి ఉంటుంది. అది కనీసం 30 శాతం తగ్గితే గుణం అన్నారు. అంటే 30 ఉన్న మనిషి 21కి వచ్చినా పనిచేసినట్టే లెక్క. 21 అంటే ఇంకా జబ్బు ఉన్నట్టే. రెండు గంటల స్నానం గంటకు తగ్గడం ఆ ఇంటికి ఎంత ఊరటో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ ‘పూర్తిగా నయం’ అన్న మాట ఎవరైనా వాడితే అది ఈ లెక్కల్లోంచి వచ్చింది కాదు.

ఆ పరీక్షలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, మన దగ్గర తరచుగా వదిలేసేది. ప్రతి సిట్టింగ్ ముందు పేషెంటులో అతని ఓసీడీ ఆలోచనని కావాలని కదిలించేవారు. మురికి భయం ఉన్నవాళ్లకి ఆ భయం కలిగేలా ఏదో ముట్టించడమో, గుర్తుచేయడమో. ఆ నరాల దారి పని మొదలుపెట్టినప్పుడే పల్సులు ఇచ్చారు. ఫోను చూసుకుంటూ కూర్చున్నవాడికి పల్సులిచ్చి, ఫలితాలు మాత్రం ఆ పరీక్షవి చూపించడం న్యాయం కాదు. మీ క్లినిక్‌లో ఇది చేస్తారా అని అడగండి.

మామూలు కాయిల్‌తో ఓసీడీకి ఎక్కువగా వాడేది ఒక హెర్ట్జ్ వేగం, అంటే సెకనుకి ఒక పల్సు. నడినెత్తికి కాస్త ముందు, ఎస్ఎంఏ అనే భాగం మీద పెడతారు. కొందరు నుదుటి కుడివైపు ఇస్తారు. చిన్న చిన్న అధ్యయనాలు కొన్ని బాగుందన్నాయి. 2016లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తుత్తి దానికీ దీనికీ తేడా కనిపించలేదు. 2020లో ఐరోపా నిపుణులు మొత్తం సాక్ష్యాన్ని తూచినప్పుడు డిప్రెషన్‌కి ఎడమ నుదుటి భాగం మీద ఇచ్చే టీఎంఎస్‌ని ‘ఏ’ స్థాయిలో, ఓసీడీకి కుడివైపు తక్కువ వేగంతో ఇచ్చేదాన్ని ‘సీ’ స్థాయిలో పెట్టారు. సీ అంటే పనికిరాదని కాదు, పనిచేయవచ్చు, గట్టిగా చెప్పలేం అని. నేను ఓసీడీకి ఇచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లకి ఇదే మాట చెబుతాను. కొందరు సరేనంటారు, కొందరు లేచి వెళ్లిపోతారు. రెండూ సబబే.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. డిప్రెషన్‌కి సరిపోయే మోతాదు ఓసీడీకి సాధారణంగా సరిపోదు. ఫ్లూక్సెటిన్ అయితే ఓసీడీకి 60 మి.గ్రా. దాకా, ఒక్కోసారి 80 దాకా తీసుకెళ్తాం. సెర్ట్రలిన్ 200 దాకా. ఎస్సిటలోప్రామ్ 20 దాకా, గుండె ఈసీజీ చూసుకుంటూ కొందరిలో అంతకు మించి. ఆ పెద్ద మోతాదులో కనీసం పది పన్నెండు వారాలు ఉంచితే గాని పనిచేసిందో లేదో చెప్పలేం. ఏడాదిపాటు 20, రెండు నెలలు 10 అంటే, మీ తమ్ముడు ఏడాదికి పైగా మాత్రలు మింగాడు కానీ ఓసీడీకి కావలసిన మందు ఒక్కసారి కూడా పూర్తిగా పడలేదు. పడని మందుకి ‘లొంగలేదు’ అని ఎలా అంటాం? దీని తర్వాత క్లోమిప్రమిన్ ఉంది, పాత మందు, దుష్ఫలితాలు ఎక్కువ, కానీ ఓసీడీకి గట్టిది. ఆపైన తక్కువ మోతాదులో అరిపిప్రజోల్‌నో రిస్పెరిడోన్‌నో కలిపే దారి ఉంది. ఇవన్నీ లెక్కలు తెలిసిన మెట్లు. దయచేసి ఇది చదివి మీ అంతట మీరు మాత్రలు పెంచొద్దు. డాక్టరు దగ్గర కూర్చుని ‘ఓసీడీ మోతాదు ఇంకా చూడలేదు కదా, చూద్దామా’ అని అడగండి. గౌరవంగా అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోడు.

మందులకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, మీ ప్రశ్నలో ఈఆర్‌పీ ఊసే లేకపోవడం. ఎదుర్కోవడం, ఆగడం, ఆ చికిత్స సారం ఇంతే. గడియ ముట్టుకోవాలి, కడుక్కోకుండా కూర్చోవాలి, భయం పైకి లేచి దానంతటదే దిగడం చూడాలి. క్లినికల్ సైకాలజిస్టు పక్కన ఉండి చిన్న మెట్టుతో మొదలుపెట్టి నెలల్లో పైకి తీసుకెళ్తారు. ఓసీడీకి మందుతో సమానంగా నిలబడే వైద్యం ఇదొక్కటే. మన వైపు ఇది చేసేవాళ్లు తక్కువన్నది నిజం. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని వెతకండి, ఈఆర్‌పీ చేసిన అనుభవం ఉందా అని సూటిగా అడగండి. వీడియోలో చేయించుకున్నా పనిచేస్తుంది, పైగా అతని భయాలన్నీ ఇంట్లోనే ఉంటాయి కాబట్టి ఒకరకంగా అదే మేలు.

ఇందులో మీ ఇంటిల్లిపాదికీ పని ఉంది. మన ఇళ్లలో మడి, ఎంగిలి, అంటు అన్న మాటల మధ్య ఓసీడీ ఏళ్ల తరబడి దాక్కుంటుంది. ‘మావాడికి శుభ్రం ఎక్కువ’ అని మురిసిపోయిన తల్లులు తర్వాత నా దగ్గర ఏడ్చారు. జబ్బని తెలిశాక అందరూ సాయం చేయబోతారు. కుళాయి మీరే తిప్పడం, అతని బట్టలు విడిగా ఉతకడం, ‘గడియ వేశావా అక్కా’ అంటే పదోసారి కూడా ‘వేశాన్రా’ అనడం. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ ప్రతి జవాబూ జబ్బుకి మేత అవుతుంది. ఒక్కరోజులో అన్నీ ఆపేయొద్దు, అది క్రూరత్వం. ఏది ముందు ఆపాలో సైకాలజిస్టుతో, తమ్ముడితో కలిసి నిర్ణయించుకోండి.

సరైన మోతాదులో మందులు, ఈఆర్‌పీ, ఈ రెండూ నిజంగా చూసి, సరిపడా రోజులు ఉంచి, అప్పటికీ తగ్గకపోతే టీఎంఎస్ గురించి ఆలోచించడం సమంజసం. అప్పుడు అది ఆఫ్-లేబుల్ అయినా నేను మీకు అడ్డు చెప్పను. మందులు, ఈఆర్‌పీ ఆపకుండా వాటితో పాటు చేయించాలి. ఈలోపు రెండో అభిప్రాయం కావాలంటే మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గర, గుంటూరు జీజీహెచ్‌లో మానసిక విభాగం ఉంది. చాలా మొండి కేసు అయితే బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రత్యేకంగా ఓసీడీ క్లినిక్ ఉంది, ఒక్కసారి వెళ్లి ఫైలు మొత్తం చూపించుకుని రావడం దండగ కాదు.

ప్రమాదం గురించి దాపరికం లేకుండా చెబుతాను. ఎక్కువమందికి మొదటి వారం తలనొప్పి, కాయిల్ పెట్టిన చోట నొప్పి, దవడ అదరడం ఉంటాయి, పారాసిటమాల్‌తో పోతాయి. చెవుల్లో ప్లగ్గులు పెట్టకుండా సిట్టింగ్ మొదలుపెడితే లేచి వచ్చేయండి, ఆ చప్పుడు చెవికి మంచిది కాదు. భయపడాల్సింది ఫిట్స్‌కి. నియమాలు పాటిస్తే వెయ్యిమందిలో ఒక్కరికన్నా తక్కువమందికి వస్తాయి. కానీ అతనికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే, తలకి పెద్ద దెబ్బ తగిలి ఉంటే, రోజూ తాగి హఠాత్తుగా మానేస్తే, రాత్రంతా నిద్ర లేకుండా వస్తే, క్లోజపిన్, బుప్రోపియాన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు వాడుతుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఇవన్నీ ముందే చెప్పాలి, వాళ్లు అడక్కపోయినా చెప్పాలి. తలలో ఇనుము జాతి లోహం, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి క్లిప్పు ఉంటే టీఎంఎస్ చేయకూడదు. మొదటి రోజు కాయిల్‌ని నెత్తి మీద జరుపుతూ బొటనవేలు కదిలే బలం ఎంతో వెతుకుతారు, పదిసార్లు ఇస్తే అయిదుసార్లు కదలాలి. ప్రతి మనిషికీ ఆ బలం వేరు. అది కొలవకుండా అందరికీ ఒకే బలంతో ఇచ్చేచోట చేయించుకోవద్దు.

మిగతా జబ్బుల గురించి మీరు అడగలేదు కానీ చుట్టాలు అడుగుతారు కాబట్టి కాస్త చెబుతాను. స్కిజోఫ్రీనియాలో చెవిలో వినిపించే గొంతులకి ఎడమ చెవి పైన సెకనుకి ఒక పల్సు ఇవ్వడం 2000 ప్రాంతంలో అమెరికాలోని యేల్ నుంచి మొదలైంది. క్లోజపిన్ వాడినా గొంతులు ఆగని కొందరికి నేను ఇచ్చాను. ఒకాయనకి గొంతులు పోలేదు, కానీ తిట్లు గుసగుసలయ్యాయి, రాత్రి నిద్రపట్టింది. కొన్ని నెలలకి మళ్లీ పెరిగితే మళ్లీ ఇచ్చాం. ఆ మనిషికి అది విలువైనదే. అదే జబ్బులో ఉత్సాహం చచ్చిపోయి మూల కూర్చునే లక్షణాలకి 175 మందితో జర్మనీ నుంచి వచ్చిన పెద్ద పరీక్షలో మాత్రం ఉత్తుత్తి దానికన్నా మెరుగేమీ కనిపించలేదు. సిగరెట్ మానడానికి అమెరికా అనుమతికి ఆధారమైన పరీక్షలో అసలు ఇచ్చినవాళ్లలో 19 శాతం, ఉత్తుత్తి ఇచ్చినవాళ్లలో 9 శాతం లోపు మానేశారు. ఇంటర్ పిల్లలకి ఏకాగ్రత పెరుగుతుందా, ర్యాంకు వస్తుందా అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి తల మీద, అదీ నిద్ర చాలని హాస్టలు పిల్లవాడి తల మీద, నేను కాయిల్ పెట్టను.

‘ఫలానావాళ్లకి తగ్గింది’ అన్న మాట మీద లక్షలు పెట్టకూడదని చెప్పడానికి రెండు పరీక్షల సంగతి చాలు. అమెరికాలో మాజీ సైనికులు 164 మందికి, మందులకు లొంగని డిప్రెషన్‌లో, అసలు టీఎంఎస్‌తో 41 శాతం మంది కోలుకున్నారు. వినడానికి ఎంత బాగుంది! ఉత్తుత్తి టీఎంఎస్‌తో 37 శాతం మంది కోలుకున్నారు. రోజూ వచ్చి, ఒకరితో మాట్లాడి, ఆశతో కూర్చుంటే మనిషి బాగుపడతాడు. అది మోసం కాదు, మనసు తీరే అంత. ఇంకోటి పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే జబ్బు, దాని మీద 2021లో వచ్చింది. లోతు కాయిల్‌తో చేస్తే ఉత్తుత్తి ఇచ్చినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారు. అంటే తప్పు చోట, తప్పు సమయంలో ఇస్తే ఈ వైద్యం వృథా కావడంతోనే ఆగకపోవచ్చు, సహజంగా జరిగే మేలుకి అడ్డు కూడా పడవచ్చు. ‘ఎలాగూ నష్టం లేదు, ఓసారి చూద్దాం’ అన్న మాట నేను అందుకే వాడను. ఎమ్మారై చూసి గురిపెడతాం కాబట్టి ఎక్కువ ఖర్చు అని చెబితే, బ్రిటన్‌లో 255 మంది డిప్రెషన్ పేషెంట్లతో చేసి 2024లో ప్రకటించిన పరీక్ష గుర్తుపెట్టుకోండి. ఎమ్మారైతో మనిషి మనిషికీ ప్రత్యేకంగా గురి లెక్కగట్టి ఇచ్చినా, మామూలు టీఎంఎస్ కన్నా ఎక్కువ ఫలితం రాలేదు.

మీ పిన్నిగారి మనవడి గురించి నాకు ఎలాంటి తటపటాయింపూ లేదు. వద్దు. ఆటిజానికి టీఎంఎస్ పనిచేస్తుందని నమ్మదగ్గ పెద్ద పరీక్ష లేదు, ఎఫ్‌డీఏ అనుమతీ లేదు. డిప్రెషన్‌కే అక్కడ 15 ఏళ్లు దాటిన పిల్లలకి 2024లో గాని ఇవ్వలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మామూలు పిల్లల్లో కన్నా చాలా ఎక్కువ. చప్పుళ్లు భరించలేని పిల్లలు చాలామంది. నొప్పి పుడుతోందని చెప్పలేని ఆరేళ్ల బిడ్డని పట్టుకుని కూర్చోబెట్టి తల మీద టకటకలాడించడం నా మనసుకి ఒప్పదు. రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ చూపించి ‘ఇక్కడ ఎర్రగా ఉంది, దీన్ని సరిచేస్తాం’ అంటే లొంగిపోవద్దని చెప్పండి. ఆటిజాన్ని నిర్ధారించే స్కాను ఏదీ లేదు, డాక్టరు పిల్లవాణ్ని గమనించి, అమ్మానాన్నల్ని అడిగి నిర్ధారించాల్సిందే. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి, తల్లికి ఇంట్లో ఎలా ఆడించాలో నేర్పేవాళ్లకి పెట్టమనండి. జిల్లా స్థాయిలో ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాలు ఉచితంగా పిల్లల్ని పరీక్షించి థెరపీ ఇస్తాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఆటిజం పిల్లలకి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో థెరపీ ఖర్చులూ వస్తాయి. దానికి వికలాంగుల సర్టిఫికెట్ కావాలి. ఆ మాటకి సిగ్గుపడకుండా దరఖాస్తు పెట్టమనండి.

చివరికి టీఎంఎస్ అనుకుంటే ఇలా చేయండి. మొదలుపెట్టే ముందు వైబాక్స్ స్కోరు వేయించి ఫైల్లో రాయించండి. ప్రతి వారం, లేదా కనీసం పదో సిట్టింగ్‌కి, ఇరవయ్యో సిట్టింగ్‌కి మళ్లీ వేయించండి. కాయిల్ ఏది, తల మీద ఎక్కడ, సెకనుకి ఎన్ని పల్సులు, మొత్తం ఎన్ని, ఎంత బలం, ఇవి డిశ్చార్జ్ సమ్మరీలో రాసినంత స్పష్టంగా రాసివ్వమనండి. ఇరవై దాటాక కూడా స్కోరు కదలకపోతే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి. ముప్ఫై సిట్టింగుల డబ్బు ఒకేసారి కట్టొద్దు, వారం వారం కట్టండి. బీమా ఉంటే, మానసిక జబ్బుకీ శారీరక జబ్బుతో సమానంగా బీమా ఉండాలని 2017 చట్టంలో ఉంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, టీఎంఎస్ ఓపీలో జరిగేది. ముందుగా కంపెనీకి మెయిల్ పెట్టి రాతలో జవాబు తీసుకోండి.

గుంటూరు నుంచి వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు విజయవాడ రానుపోను అంటే ఉద్యోగం చేసే మనిషికి చిన్న విషయం కాదు. బస్సు కడ్డీ పట్టుకోవడమే అతనికి ఒక పరీక్ష. మధ్యలో మానేస్తే డబ్బూ ఆశా రెండూ పోతాయి, కాబట్టి ఆఫీసులో సెలవు సర్దుబాటు అయ్యాకే తేదీ వేయించుకోండి. బండి నడపడానికి అభ్యంతరం ఉండదు కానీ మొదటి కొన్ని రోజులు ఎవరైనా తోడు ఉంటే మంచిది. ఈ వెతుకులాటలో ఎప్పుడైనా అతను బతకడం ఎందుకన్నట్టు మాట్లాడితే సిట్టింగ్ తేదీ దాకా ఆగకండి. అదే రోజు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 14416 టెలీమానస్‌కి చేయండి, తెలుగులో మాట్లాడతారు, పగలు రాత్రి పనిచేస్తుంది.

పాత మందుల చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టి, ఏ మోతాదు ఎన్ని వారాలు వాడాడో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండమ్మా. విజయవాడ డాక్టరుగారికైనా, మంగళగిరిలో రెండో అభిప్రాయానికైనా ముందుగా పనికొచ్చేది ఆ కాగితమే.